చేప చెప్పిన సాక్ష్యం

సియాటిల్ వాగుల్లో సాల్మన్లను చంపుతున్న విషం కారు టైర్లలో దొరికింది. విరుగుడు కాళ్ల కింది మట్టిలోనే ఉంది.

అమెరికా వాయవ్య మూలన, పసిఫిక్ తీరంలో ఉన్న సియాటిల్ నగరం 1990ల్లో తన వాగులను బాగు చేసుకునే పనిలో పడింది. లాంగ్‌ఫెలో, పైపర్స్, థార్న్‌టన్ వంటి చిన్న చిన్న వాగులవి. ఇళ్ల పెరళ్ల వెనక నుంచి, రోడ్ల కింద నుంచి, గోల్ఫ్ మైదానాల పక్క నుంచి పారుతుంటాయి. చెత్త ఎత్తారు. గట్ల మీద చెట్లు నాటారు. చేపల దారికి అడ్డంగా ఉన్న తూములను మార్చారు. కొన్నేళ్లకు ఫలితం కనిపించింది. సముద్రంలోకి వెళ్లిన కోహో జాతి సాల్మన్లు తిరిగి నగరం నడిబొడ్డుకు ఈదుకుంటూ వచ్చాయి. అంతకన్నా మంచి సర్టిఫికెట్ మరొకటి ఉండదనుకున్నారు.

ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. వచ్చిన చేపలు వచ్చినట్టే చచ్చిపోవడం మొదలైంది. నీటి పైకి తేలి పిచ్చిపట్టినట్టు గుండ్రంగా తిరగడం, నోళ్లు తెరవడం, రెక్కలు బిగదీసుకుని పక్కకు ఒరిగిపోవడం, కొన్ని గంటల్లో ప్రాణం విడవడం. నిజానికి పసిఫిక్ సాల్మన్‌కు చావు కొత్త కాదు. జీవితంలో ఒక్కసారే గుడ్లు పెట్టి, ఆ వెంటనే కన్నుమూయడం దాని నైజం. కానీ ఈ ఆడచేపల కళేబరాలను కోసి చూస్తే కడుపులో గుడ్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. వేల మైళ్లు తిరిగి ఇంటికొచ్చిన చేప, వచ్చిన పని చేయకుండానే గుమ్మంలో పడిపోయింది.

అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవాకు చెందిన నథానియల్ స్కోల్జ్ బృందం 2002 నుంచి 2009 వరకు లాంగ్‌ఫెలో వాగులో ఏటా శరదృతువులో రోజూ లెక్క తీసింది. ఏడాదిని బట్టి, వచ్చిన చేపల్లో 60 నుంచి 100 శాతం దాకా గుడ్లు పెట్టక ముందే చనిపోయాయి. పోల్చి చూడడానికి నగరానికి దూరంగా ఉన్న ఫోర్ట్‌సన్ అనే అడవి వాగులో 2002లో లెక్కిస్తే అలాంటి చావులు ఒక్క శాతం కూడా లేవు. రెండు చోట్లా చేప ఒకటే. వాగుల్లో ఏదో తేడా ఉంది.

ఆ తేడా ఏమిటో తేలడానికి దాదాపు 20 ఏళ్లు పట్టింది. ఈ కథలో నగరాలను నడిపేవారు, నగరాల్లో బతికేవారు తెలుసుకోవలసింది చాలా ఉంది.

వాగంటే నీళ్లు మాత్రమే కాదు

సాల్మన్ గుడ్డు పెట్టేది నీళ్లలో కాదు, నీటి కింద ఉన్న గులకరాళ్లలో. ఆడచేప తోకతో రాళ్లను తోసి గుంట చేసి గుడ్లు పెడుతుంది, మళ్లీ రాళ్లతో కప్పుతుంది. నెలల తరబడి ఆ రాళ్ల సందుల గుండా చల్లటి, ప్రాణవాయువు నిండిన నీరు పారుతూ ఉండాలి. సన్నటి ఒండ్రు వచ్చి సందులు పూడుకుపోతే గుడ్లకు ఊపిరాడదు. పిల్లలు బయటికొచ్చాక ఉధృతికి కొట్టుకుపోకుండా తలదాచుకోవడానికి మడుగులు కావాలి. ఆ మడుగులను తయారు చేసేవి వాగులో పడ్డ పెద్ద పెద్ద చెట్ల దుంగలు. ఒకప్పుడు అక్కడి అధికారులు వాగులను శుభ్రం చేయడమంటే ఈ దుంగలను లాగిపారేయడమేనని నమ్మారు. చేపల దారి సుగమం చేస్తున్నామనుకున్నారు. తర్వాతి తరం అధికారులు డబ్బు ఖర్చు పెట్టి దుంగలను తెచ్చి మళ్లీ వాగుల్లో వేయాల్సివచ్చింది.

మిగతా సాల్మన్ల కన్నా కోహోకు ఈ వాగులతో అనుబంధం ఎక్కువ. పుట్టాక ఏడాదికి పైగా చిన్న వాగులోనే పెరుగుతుంది. ఆ తర్వాతే సముద్రానికి వెళ్లి, ఏడాదిన్నర గడిపి, మూడో ఏట పుట్టింటికి వస్తుంది. వచ్చేటప్పుడు ఒంట్లో సముద్రపు సారాన్ని మోసుకొస్తుంది. జేమ్స్ హెల్‌ఫీల్డ్, రాబర్ట్ నైమన్ అనే పరిశోధకులు అలాస్కాలో సాల్మన్లు వచ్చే వాగుల గట్ల మీది చెట్లను పరీక్షించి 2001లో ఒక సంగతి ప్రకటించారు. ఆకుల్లోని నత్రజనిలో దాదాపు నాలుగో వంతు సాల్మన్ల నుంచి వచ్చిందేనట. ఎలుగుబంట్లు తిని వదిలేసినవి, గట్టు మీద కుళ్లినవి చెట్లకు ఎరువయ్యాయన్నమాట. ఇలా అడవి చేపను పెంచుతుంది, చేప అడవిని పెంచుతుంది.

నగరం అడుగు పెట్టగానే ఈ లెక్క తప్పుతుంది. సియాటిల్ ప్రాంతంలో వాన కుండపోతగా పడదు. రోజుల తరబడి సన్నగా కురుస్తుంది. అడవి నేల ఆ నీటినంతా తాగేసి, వారాల తరబడి మెల్లగా వాగుకు వదులుతుంది. చెట్లు కొట్టి, ఇళ్ల కప్పులు, రోడ్లు, పార్కింగ్ స్థలాలు పరిస్తే అదే వాన నిమిషాల్లో వాగులోకి దూకుతుంది. వాగు వానాకాలంలో గట్లు కోసుకుంటుంది, ఎండాకాలంలో ఎండిపోతుంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డెరెక్ బూత్ ఈ మార్పును ఏళ్ల తరబడి కొలిచారు. పరీవాహక ప్రాంతంలో నీరింకని నేల 10 శాతానికి చేరేసరికే వాగుకు స్పష్టమైన నష్టం మొదలవుతుందని, అది బహుశా పూడ్చలేనిదని ఆయన, రెట్ జాక్సన్ కలిసి 1997లో రాశారు. మన నగరాల్లో ఏ బస్తీలోనైనా నిలబడి చుట్టూ చూస్తే ఆ 10 శాతం ఎంత చిన్న అంకెో అర్థమవుతుంది.

20 ఏళ్ల వేట

అయితే వరద ఉధృతి చేపను తరిమేయగలదు గానీ గంటల్లో ఒరిగిపోయేలా చేయలేదు. పరిశోధకులు అనుమానితులను ఒక్కొక్కరినీ పిలిచి విచారించారు. నీటి ఉష్ణోగ్రత, ప్రాణవాయువు, అమ్మోనియా, రోగాలు, పురుగు మందులు, లోహాలు. ఏదీ నేరం ఒప్పుకోలేదు. ఒక్క ఆనవాలు మాత్రం మిగిలింది. పెద్ద వాన పడ్డాకే చేపలు చస్తున్నాయి. రోడ్లు, వాహనాలు ఎక్కువగా ఉన్న వాగుల్లోనే ఎక్కువగా చస్తున్నాయి.

అప్పుడు వాగును వదిలి రోడ్డు దగ్గరికి వెళ్లారు. సియాటిల్‌లోని ఒక రద్దీ రహదారి నుంచి గొట్టం గుండా దిగే వాన నీటిని పట్టి తొట్టెల్లో పోసి కోహోలను వదిలారు. చేపలు చచ్చిపోయాయి. రోడ్డు నీటిలో ఉండే లోహాలు, చమురు అవశేషాలను అదే మోతాదులో కలిపి ప్రయోగశాలలో నకలు నీరు తయారు చేసి అందులో వదిలారు. చేపలు బతికాయి. అంటే అప్పటిదాకా అందరూ పేరు పెట్టి పిలిచిన కాలుష్యాలేవీ హంతకులు కావు. పేరే తెలియనిదేదో ఆ నీటిలో ఉంది. జూలాన్ స్ప్రామ్‌బర్గ్, స్కోల్జ్, వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన జెనిఫర్ మెకింటైర్ తదితరులు 2016లో ప్రకటించిన ఫలితమిది.

టకోమాలోని రసాయన శాస్త్రజ్ఞులు ఎడ్వర్డ్ కొలొడ్జీ, జెన్యూ టియాన్ బృందానికి టైర్ల మీద అనుమానం వచ్చింది. టైరు రేణువులను నానబెట్టిన నీరు చేపలను చంపింది. కానీ ఆ నీటిలో రెండు వేలకు పైగా రసాయనాలున్నాయి. వాటిని భాగాలుగా విడదీయడం, ఒక్కో భాగంలో చేపను వదలడం, చంపిన భాగాన్ని మళ్లీ విడదీయడం. ఇలా వడపోసుకుంటూ పోతే చివరికి ఒక్క పదార్థం మిగిలింది. చిత్రమేమిటంటే టైర్లలో కలిపే రసాయనాల జాబితాలో అది లేదు. దానికి దగ్గరగా, రెండు హైడ్రోజన్ పరమాణువులు ఎక్కువగా, ఆక్సిజన్ పరమాణువులు రెండు తక్కువగా ఉన్న మరొకటి మాత్రం ఉంది. దాని పేరు 6పీపీడీ.

రబ్బరును గాలిలోని ఓజోన్ కొరుక్కుతింటుంది. అలా పగుళ్లు పడకుండా దశాబ్దాలుగా టైర్లలో 6పీపీడీని కలుపుతున్నారు. అది టైరు పైపొరకు చేరి, ఓజోన్ రబ్బరును కొట్టకముందే తానే ఎదురువెళ్లి దెబ్బ తింటుంది. ఆ పోరాటంలో అది మారిపోయిన రూపమే 6పీపీడీ క్వినోన్. అదే హంతకి. ఎవరో దొంగచాటుగా వాగులో వదిలిన విషం కాదిది. టైరు తన పని తాను సక్రమంగా చేస్తున్నప్పుడు పుట్టే విషం. బ్రేకు వేసినప్పుడల్లా, మలుపు తిరిగినప్పుడల్లా అరిగిన రబ్బరు పొడితో పాటు రోడ్డు మీద రాలుతుంది. వాన పడితే వాగుకు చేరుతుంది.

ఈ పరిశోధన 2020 డిసెంబర్‌లో సైన్స్ పత్రికలో వెలువడింది. తర్వాత మరింత కచ్చితంగా కొలిస్తే విషం తీవ్రత మొదట అనుకున్న దానికన్నా ఎక్కువని 2022లో తేలింది. లీటరు నీటిలో 95 నానోగ్రాములుంటే చాలు, కోహో పిల్లల్లో సగం చచ్చిపోతాయి. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్ల వంతు. 25 లక్షల లీటర్లు పట్టే ఒలింపిక్ ఈతకొలనులో పావు గ్రాము కూడా అక్కర్లేదన్నమాట. మరో వింత, కోహోకు దగ్గరి చుట్టమైన చమ్ సాల్మన్ అదే నీటిలో నిక్షేపంగా ఈదుతుంది. రెయిన్‌బో ట్రౌట్, బ్రూక్ ట్రౌట్ మాత్రం కోహో దారినే పోతున్నాయని కెనడాలోని సస్కాచ్వాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో చూపారు. చమ్ ఒక్కదాన్నే చూసి వాగుకు ఆరోగ్య పత్రం ఇచ్చి ఉంటే ఈ విషయం ఎప్పటికీ బయటపడేది కాదు.

విరుగుడు పాతదే

విషం పేరు తెలియక ముందే దాని విరుగుడు దొరకడం ఈ కథలో ఊరటనిచ్చే భాగం. 2016 నాటి ప్రయోగంలోనే పరిశోధకులు అదే రోడ్డు నీటిని ఇసుక, కంపోస్టు, చెట్టు బెరడు కలిపిన మట్టి గుండా వడగట్టి చూశారు. అందులో వదిలిన కోహోలన్నీ బతికాయి. ఖరీదైన యంత్రం లేదు, పేటెంటు లేదు. అడవి నేల చేసే పనినే ఒక తొట్టెలో చేయించారు.

సియాటిల్ ఈ దారిలో అంతకు ముందే ఒక అడుగు వేసింది. పైపర్స్ వాగు పరీవాహకంలో ఒక వీధిని 2001లో తిరగరాసింది. తిన్నగా ఉన్న రోడ్డును వంపులు తిప్పి సన్నం చేసి, మిగిలిన జాగాలో మొక్కలతో నిండిన పల్లపు మడులను ఏర్పాటు చేసింది. ఆ వీధి నుంచి బయటికి పారే వాన నీరు దాదాపు 99 శాతం తగ్గిపోయింది. థార్న్‌టన్ వాగులో 2014లో మరో ప్రయోగం జరిగింది. వాగు గట్లనే కాక, అడుగు భాగాన్ని కూడా తవ్వి గులకరాళ్లు నింపి, నీరు రాళ్ల లోపలి నుంచి పారేలా చేశారు. 2018 శరదృతువులో షినూక్ సాల్మన్లు వచ్చి ఆ రాళ్లలో గుడ్లు పెట్టాయి.

అయితే ప్రతి రోడ్డు పక్కనా మడి తవ్వడం సాధ్యమా? సాధ్యం కాదు. మడికి స్థలం కావాలి, మట్టిని బాగోగులు చూడాలి, మొక్కలు చూసుకోవాలి. ఆ ఖర్చు పన్ను కట్టేవాడిది. లాభం మాత్రం టైరు అమ్మినవాడిది. అందుకే విషాన్ని పుట్టిన చోటే ఆపాలన్న డిమాండు వచ్చింది. కాలిఫోర్నియా 2023 అక్టోబర్ నుంచి 6పీపీడీ ఉన్న టైర్లను ప్రత్యేక నియంత్రణ జాబితాలో చేర్చి, ప్రత్యామ్నాయాలు వెతకమని తయారీదారులను ఆదేశించింది. తయారీదారుల వాదన కూడా కొట్టిపారేయదగింది కాదు. టైరు పగిలితే పోయేది మనిషి ప్రాణం. 6పీపీడీ స్థానంలో వచ్చేది అంత రక్షణా ఇవ్వాలి, దానికన్నా పెద్ద విషమూ కాకూడదు. కానీ ఈ వాదన తొందరపడొద్దని చెబుతుంది గానీ, వెతకొద్దని చెప్పదు. పైగా ఇన్ని దశాబ్దాలుగా వాడుతున్న పదార్థం ఓజోన్ తగిలాక ఏమవుతుందో పరీక్షించే బాధ్యత దాన్ని అమ్మేవాళ్ల మీద ఎందుకు లేకపోయింది? చేపలు చచ్చి, ప్రభుత్వ సొమ్ముతో శాస్త్రజ్ఞులు 20 ఏళ్లు తవ్వితే గానీ అది బయటికి రాకపోవడమే అసలు లోపం.

ఈ లోపాన్ని నిలదీసింది ఎవరన్నదీ గమనించాలి. 2023 ఆగస్టులో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థకు అర్జీ పెట్టింది యూరోక్, పోర్ట్ గాంబుల్ స్క్లాలమ్, ప్యుయాలప్ అనే మూడు ఆదివాసీ తెగలు. నవంబర్‌లో ఆ సంస్థ అర్జీని అంగీకరించి నిబంధనల రూపకల్పన మొదలుపెడతామంది. 2024 జూన్‌లో 6పీపీడీ క్వినోన్‌కు లీటరుకు 11 నానోగ్రాములను హెచ్చరిక స్థాయిగా ప్రకటించింది.

తెగలకు ఈ పట్టుదల ఊరికే రాలేదు. 1850ల్లో ప్యూజెట్ సౌండ్ తీరంలోని తెగలు తమ భూములను అమెరికాకు వదులుకుంటూ ఒప్పందాలు రాసుకున్నప్పుడు, అలవాటైన చోట్ల చేపలు పట్టుకునే హక్కును మాత్రం అట్టిపెట్టుకున్నాయి. శతాబ్దం తర్వాత ఆ హక్కు వాడుకున్నందుకే అరెస్టులు జరిగాయి. నిస్క్వాలీ తెగ నాయకుడు బిల్లీ ఫ్రాంక్ జూనియర్ 14వ ఏట మొదలుపెట్టి 50 సార్లకు పైగా అరెస్టయ్యారు. 1974లో న్యాయమూర్తి జార్జ్ బోల్ట్ పట్టదగిన చేపల్లో సగం తెగలదేనని తీర్పు చెప్పారు. ఆ తర్వాత వచ్చిన ప్రశ్న ఇంకా లోతైనది. చేపే లేకపోతే హక్కుకు అర్థమేమిటి? రోడ్ల కింద చేపలకు అడ్డుపడే తూములను మార్చాలన్న కింది కోర్టు ఆదేశం, 2018లో సుప్రీంకోర్టు 4-4గా చీలిపోవడంతో ఖాయమైంది. చేప పట్టే హక్కులో చేప బతికే హక్కు కూడా ఉందని అక్కడి న్యాయం మెల్లగా ఒప్పుకుంటోంది.

మన వాకిట్లో

ఈ కథ తెలుగువారికి మరీ పరాయిది కాదు. సియాటిల్ చుట్టుపక్కల ఉన్న రెడ్‌మండ్, సమామిష్, ఇస్సక్వా పట్టణాల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఇస్సక్వాలో ఏటా అక్టోబర్‌లో జరిగే సాల్మన్ సంబరానికి పిల్లలను తీసుకెళ్లి ఎదురీదే చేపలను చూపించే వారికి, ఇంటికి వెళ్లే కారు చక్రాల కిందే ఆ చేపల కథ నలుగుతోందని ఇప్పుడు తెలిసింది.

ఇక ఎదురీదే చేప గోదావరి వాసులకు కొత్తదా? పుస్తెలమ్మయినా పులస తినాలన్న సామెత పుట్టిందే అక్కడ. సముద్రంలో ఇలస, వరద గోదావరిలోకి ఎక్కాక పులస. సాల్మన్‌లాగే ఉప్పునీటి నుంచి మంచినీటికి గుడ్లు పెట్టడానికి వచ్చే చేప. దాని దారికి ధవళేశ్వరం అడ్డుంది. దాని అక్కచెల్లెళ్లు గంగలో ఒకప్పుడు అలహాబాద్ దాటి వెళ్లేవి. 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక ఆ ప్రయాణం ముగిసింది. అయినా పులస గురించి మన మాటలన్నీ ధర దగ్గర ఆగిపోతాయి. వేలంలో ఎన్ని వేలు పలికిందో పత్రికల్లో వస్తుంది. అది ఎదురీదిన నీళ్లు ఎలా ఉన్నాయో రాదు.

మన నగరాల్లో వాగుల బాగు అంటే ఇప్పటికీ పూడిక తీయడం, రెండు వైపులా కాంక్రీటు గోడలు కట్టడం, పైన నడకదారి వేసి దీపాలు పెట్టడం. వాగు పక్కన ఏం కట్టారన్నదే చూస్తాం. వాన ఎక్కడ పడుతోంది, ఏ నేల మీద పారి వస్తోంది అన్నది చూడం. మనకు ఆ తెలివి లేక కాదు. హైదరాబాద్‌కు మంచినీళ్లిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల దాకా 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో తెచ్చిన జీవో 111 సరిగ్గా పరీవాహకాన్ని కాపాడే ఆలోచనే. బూత్ పరిశోధన అచ్చు కావడానికి ఏడాది ముందే మన ప్రభుత్వం ఆ పని చేసింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలను ఎత్తేయడానికి పూనుకున్నప్పుడు, ఆ చెరువుల నీటి అవసరం నగరానికి పెద్దగా లేదన్నది ఒక కారణంగా చెప్పారు. చెరువంటే తాగునీటి తొట్టె మాత్రమే అనుకుంటే ఆ వాదన సబబే. అది వాన నీటిని పట్టే నేలకు కొస అనుకుంటే కాదు.

లాంగ్‌ఫెలో వాగు దూరం నుంచి చూస్తే ఆరోగ్యంగానే కనిపించేది. పచ్చటి గట్లు, తేటనీరు, పిట్టల కూతలు. ప్రయోగశాల జాబితాలోని ప్రతి పరీక్షా పాసయింది. చేప ఒక్కటే ఫెయిలయింది, చేప చెప్పిందే నిజమైంది. నీటిని పరీక్షించడానికి మన దగ్గర ఉన్న జాబితాలు, మనకు ముందే తెలిసిన విషాలను మాత్రమే పట్టుకుంటాయి. తెలియనివాటిని పట్టేది అందులో బతికే ప్రాణులే. మూసీ ఒడ్డున గానీ, మరో నది ఒడ్డున గానీ రేపు ఎంత అందమైన తీరం కట్టినా, అది బాగుపడిందో లేదో చెప్పాల్సింది రిబ్బను కత్తిరించినవారు కాదు. ఆ నీళ్లలో గుడ్డు పెట్టడానికి వచ్చే చేప. ముందు దాన్ని రానివ్వాలి.